అసలు చలి ఇంకా రాలేదు

నవంబరు 4, మంగళవారం

పిన్యా దగ్గర నోరు జారితే ఇలాగే ఉంటుంది. కాలేజీలో నా పక్కన కూర్చుని నా లెక్కలు చూసి రాసుకున్న మనిషి, ఇప్పుడు హెల్సింకిలో అద్దాల మేడలో కూర్చుని ఊళ్లకు సలహాలు చెబుతోంది. ఆదివారం ఫోన్‌లో మాటల మధ్య నా కొత్త లెక్క గురించి గొప్పలు పోయాను. మా కేంద్రం నుంచి ఊళ్లోకి పైపుల్లో వెళ్లే వేడినీళ్లను ఇప్పటికన్నా కాస్త తక్కువ వేడితో పంపినా ఇళ్లు వెచ్చగానే ఉంటాయని, బాయిలర్‌లో వేసే చెక్కపేళ్లు బోలెడు మిగులుతాయని. అది కాస్తా వెళ్లి వాళ్ల పెద్దాయన చెవిలో వేసింది.

ఈరోజు ఆయనే ఫోన్ చేశాడు. పేరు సంప్సా. గొంతు వింటే స్కీయింగ్ నుంచి ఇప్పుడే వచ్చినట్టు హుషారుగా ఉంది.

"హెల్కా, నీ లెక్క ఒక్క ఊళ్లో ఎందుకు మగ్గిపోవాలి చెప్పు? అలాంటి ఊళ్లు మన దేశంలో ఎన్ని లేవు! మా చేతిలోనే పది ఉన్నాయి. మా దగ్గరికొచ్చి ఆ పది ఊళ్లకీ నువ్వే చెప్పు."

"నేను చేరి ఇది మూడో చలికాలమే," అన్నాను.

"అదే కదా మాకు కావలసింది. పాతబడిపోకముందే రా."

పాతబడటం అంటే ఏమిటో అడగలేదు. ఫోన్ పెట్టేశాక అద్దంలో చూసుకున్నాను. ఇరవై ఏడేళ్లకు ఎక్కడా పాతబడినట్టు లేను. ఒక పక్క జుట్టు మాత్రం టోపీకి అంటుకుపోయి ఉంది.

ఇక్కడి మా పెద్దాయన ఇల్పోకు ఇంకా చెప్పలేదు. చెప్పడానికి ఏముంది?

నవంబరు 5

వెళ్లాలని నిర్ణయించుకున్నాను. హమ్మయ్య.

నవంబరు 6

వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. హమ్మయ్య.

నవంబరు 13, గురువారం

ఈ వారం నుంచి నా లెక్క ప్రకారమే నీళ్లు పంపుతున్నాం. ఊళ్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చెక్కపేళ్ల గుట్ట తరగడం తగ్గింది. నేను రోజుకు నాలుగైదుసార్లు ఏదో పనున్నట్టు వెళ్లి ఆ గుట్టను చూసి వస్తున్నాను.

కాఫీ గదిలో ఇల్పో ఎదురుగా కూర్చున్నాడు. మా కేంద్రానికి పెద్ద ఆయన. నేను పుట్టకముందు నుంచీ ఈ ఊరికి వేడి పంపుతున్నాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడితే ఒంట్లో బాగోలేదేమోనని కంట్రోల్ రూములో ఉండే రైలీ కంగారు పడుతుంది.

"చూశావా, ఎంత మిగిలిందో?" అన్నాను.

"చూశా."

"లెక్క సరిపోయినట్టే కదా?"

కాఫీ అంతా తాగాడు. కప్పు కడిగి బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు.

"అసలు చలి ఇంకా రాలేదు," అన్నాడు.

"గడిచిన రెండు చలికాలాల అంకెలూ వేసి చూశాను ఇల్పో!"

"ఆ రెండూ చలికాలాలు కావు," అనేసి వెళ్లిపోయాడు.

ఈయనతో ఒక్క మంచిమాట అనిపించడం కన్నా బాయిలర్‌తో పాట పాడించడం సులువు. సంప్సా అయితే ఫోన్‌లో నిమిషానికోసారి "అద్భుతం" అన్నాడు.

వెళ్తాను.

నవంబరు 20, గురువారం, రైల్లో

సెలవు పెట్టి హెల్సింకి వెళ్లి వస్తున్నాను. సెలవు ఎందుకని ఇల్పో అడగలేదు. పంటి డాక్టరు దగ్గరికని అబద్ధం సిద్ధం చేసుకుని వెళ్లాను, వృథా అయిపోయింది.

అక్కడ నా ముందు ఒక ఊరిని పెట్టారు. లేని ఊరు, పరీక్ష కోసం కల్పించింది. ఇన్ని ఇళ్లు, ఇంత పొడుగు పైపులు, ఖర్చు తగ్గాలి, ఏమి సలహా ఇస్తావు? నా కాఫీ చల్లారేలోగా చెప్పాలి.

"ముందు ఆ ఊరికి వెళ్లి చూడాలి," అన్నాను.

అందరూ నవ్వారు. సంప్సా ఇంకా గట్టిగా నవ్వాడు. "ఆ ఊరు ఎక్కడా లేదు తల్లీ, ఎక్కడికెళ్తావు?"

సరే అని నా లెక్కే ఆ ఊరికి వేసి చెప్పాను. నోళ్లు తెరుచుకుని విన్నారు. రాసుకున్నారు. ఒకావిడ నా మాటనే తిరిగి నాకు చెప్పి, సరిగ్గానే అర్థం చేసుకున్నానా అని అడిగింది. ఒప్పుకోవాలి, నాకు బాగా నచ్చింది. మా దగ్గర నేను మాట్లాడుతుంటే రైలీ గళ్ల నుడికట్టులోంచి తల కూడా ఎత్తదు.

లేని ఊరికి నేను చెప్పిన సలహా చక్కగా సరిపోయింది.

డిసెంబరు 2, మంగళవారం

రమ్మన్నారు. ఫిబ్రవరిలో చేరాలి. జనవరి ఎనిమిదిలోగా అవునో కాదో చెప్పాలి.

సంప్సా పనిలో పనిగా ఇంకో మాట చెప్పాడు. "మీ ఇల్పోతో కూడా మాట్లాడాను. ఇంత పొట్టి సిఫారసు నా జన్మలో వినలేదు!"

"ఏమన్నాడు?" అన్నాను.

"'పని వచ్చు. తప్పయితే దాచదు. తీసుకోండి.' అంతే. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఫోన్ పట్టుకుని నిలబడ్డాం."

తీసుకోండి. పక్కింటివాళ్లు నిచ్చెన అడిగితే అనేమాట అది. వద్దనో, మాకూ కావాలనో, కనీసం అయ్యో అనో ఏమీ లేదు.

నాకేమీ బాధ లేదు.

డిసెంబరు 3

ఇల్పోకు తెలుసు. తెలుసని నాకు తెలుసు. ఈరోజు అడుగుతాడనుకుని కొత్త స్వెటరు వేసుకుని మరీ వెళ్లాను.

"రోడ్డు జారుతోంది," అన్నాడు.

"అవును," అన్నాను.

ఈరోజుకు అంతే.

డిసెంబరు 5, శుక్రవారం

ఇల్పోకు వయసు మీద పడుతోందేమో. కాఫీ గదిలో జేబులోంచి చెక్కముక్క తీసి నా ముందు పెట్టాడు. బర్చ్ చెట్టు చెక్క, లోపల మెలికలు మెలికలుగా చారలు. ఖాళీ దొరికితే ఏవో గరిటెలు చెక్కుతుంటాడని తెలుసు.

"పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను.

"గట్టిగా."

గట్టిగా పట్టుకున్నాను. వంగి నా వేళ్లవంక చూశాడు.

"ఆరిందా?" అని అడిగాడు.

"ఏది?"

"చెక్క."

"ఆరినట్టే ఉంది."

తల ఊపి, దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నా బతుకు ఇక్కడ ఆగిపోవాలా హెల్సింకి పోవాలా అని నేను కొట్టుకుంటుంటే, ఈయనకు చెక్క ఆరిందా లేదా అన్నది దిగులు.

డిసెంబరు 9

రైలీ నా గదిలోకి వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"ఇది నడుముకి బాగుంటుందా, హెల్కా?"

"బాగానే ఉంటుంది. ఏం?"

"ఏం లేదు. ఊరికే." వెళ్తూ వెళ్తూ కుర్చీ చేతిమీద ఒకసారి నిమిరింది.

డిసెంబరు 11

ఇప్పుడు ఇదొకటి జరుగుతోంది. నేను కాఫీ గదిలో అడుగుపెట్టగానే మాటలు ఆగిపోతాయి. మామూలుగానే మాకు మాటలు తక్కువ కాబట్టి, ఆగిపోయాయని తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నేనే వెళ్లి చెప్పేయవచ్చు కదా అని పిన్యా అంటుంది. ఏమని చెప్పాలి? ఇంకా తేల్చుకోలేదనా? ఆయన అడిగితే కదా, తేల్చుకోలేదని చెప్పగలిగేది. తెలిసినవాడు అడగాలి. ఉండిపొమ్మని అననక్కర్లేదు. "ఏం చేస్తున్నావు?" అంటే చాలు.

అడగడు. ఎందుకు అడుగుతాడు? తీసుకోండి అన్నవాడు.

నాకేమీ బాధ లేదు. ఇదివరకే రాశాననుకుంటా.

డిసెంబరు 19, శుక్రవారం

వాన. డిసెంబరులో వాన! చెరువు మీద మంచు నీళ్లోడుతోంది. చెక్కపేళ్లు ఇంకా మిగిలాయి. సంప్సాకు అంకెలు పంపితే మూడు బొమ్మలు తిరుగుటపాలో పంపాడు, మూడూ చప్పట్లు కొడుతున్నవే.

సెలవుల ముందు అందరం కలిసి పాలన్నం తిన్నాం. రైలీ కుండలో వేసిన బాదంగింజ నా గిన్నెలోకి వచ్చింది. వచ్చే ఏడాదంతా అదృష్టమేనట. ఏ ఊళ్లోనో మాత్రం చెప్పలేదు.

"నీకే రావాలి," అంది రైలీ. అని, ఎందుకో కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయలు కూడా లేవు అక్కడ.

ఇల్పో మళ్లీ ఆ చెక్క పట్టుకోమన్నాడు. ఈసారి సన్నగా ఉంది. "ఇప్పుడు?" అన్నాడు. బాగుందన్నాను. ఇంకేమంటాను?

డిసెంబరు 31, బుధవారం

పిన్యా పండక్కి ఇంటికి వచ్చింది. సాయంత్రం మా వంటింట్లో తగరం కరిగించి బకెట్ నీళ్లలో పోశాం. ఏటా పోస్తాం, ఏటా ఏదో ఆకారంలో గడ్డకడుతుంది, అందులో వచ్చే ఏడు చూసుకుంటాం. నాది ఒక వైపు ఉబ్బి, ఇంకో వైపు తోక సాగింది.

"సూట్‌కేసు," అంది పిన్యా. "పిడి చూడు, ఎంత స్పష్టంగా ఉందో! సర్దుకో."

"చేపలా ఉంది."

"చేపా? చేపంటే ఏంటట?"

"నాకేం తెలుసు? నువ్వు కదా సలహాలమ్మవి."

నవ్వింది. దానికి అక్కడ బాగుంది, అబద్ధం చెప్పకూడదు. రకరకాల ఊళ్లు, రకరకాల మనుషులు, రోజూ కొత్తే. కళ్లలో కళ ఉంది. అందుకే అడిగాను.

"నువ్వు చెప్పినవన్నీ పనిచేశాయా?"

"అంటే?"

"పోయినేడు ఒక ఊరికి చెప్పావు కదా, పంపులు మార్చమని. పనిచేసిందా?"

పిన్యా తన తగరం గడ్డను దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. "తెలీదే. చెప్పేశాం, వాళ్లు బాగుందన్నారు, నేను ఇంకో ఊరికెళ్లిపోయా. బాగోకపోతే ఫోన్ చేసేవాళ్లు కదా?"

"నీకా?"

"ఎవరికో ఒకరికి," అంది. ఆ తర్వాత, "నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు సుమా. నువ్వు మాత్రం ఆలోచించు. నీకు ఆలోచించకపోతే అన్నం సహించదు," అంది.

మనసు తెలిసిన స్నేహితురాలితో ఇదే చిక్కు.

జనవరి 5, సోమవారం

సంప్సాకు జవాబు రాసి పెట్టాను. "వస్తున్నాను." రేపు పండగ సెలవు, ఎల్లుండి పంపుతాను. ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. హమ్మయ్య.

ఇల్పో నాకు ఎదురుపడ్డాడు. "చలి వస్తోంది," అన్నాడు.

"రానీ," అన్నాను. గొంతులో కొంచెం పొగరు ఉంటే ఉండవచ్చు.

జనవరి 6, మంగళవారం

మైనస్ ఇరవై తొమ్మిది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. ఇన్నాళ్లకు చలి అంటే ఏమిటో తెలిసింది.

జనవరి 7, బుధవారం

పొద్దున్నే పసిపిల్లల బడి నుంచి ఫోన్. మా పైపులన్నిటిలోకీ పొడుగాటిది కొండ వెనక్కి వెళ్తుంది. దాని చివరి కొసన ఆ బడి ఉంది. బడి పెద్ద ఔలిక్కి గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"హెల్కా, మా పిల్లలు టోపీలు పెట్టుకుని గంజి తాగుతున్నారు. ఇది నీకు చెప్పాలా, ఇల్పోకి చెప్పాలా?"

"నాకే," అన్నాను.

కారు స్టార్టయ్యేదాకా దేవుణ్ని తిట్టాను, అయ్యాక దండం పెట్టాను. వెళ్లి చూద్దును కదా, గదిలో పదహారు డిగ్రీలు. పిల్లలు ఉన్ని మేజోళ్లలో, టోపీల్లో, నేల మీద దగ్గర దగ్గరగా కూర్చుని ఉన్నారు. కిటికీ పక్కన గాజుతొట్టిలో ఎర్ర చేప ఒకటి ఉంది. ఆ తొట్టికి ఎవరో చారల కండువా చుట్టారు.

నాలుగేళ్ల పాప ఒకతి నా దగ్గరికి వచ్చి తల పైకెత్తి చూసింది.

"వేడి పంపే ఆంటీవి నువ్వేనా?"

"అవును."

"అయితే పంపు. మా చేపకి చలేస్తోంది."

పది ఊళ్లకు చెప్పాల్సిన లెక్క నాది. ఆ పాప ముందు అది దేనికీ పనికిరాలేదు.

కిందికి దిగి పైపుల గదిలోకి వెళ్లాను. గోరువెచ్చటి పైపు మీద చేయి పెట్టగానే అంతా అర్థమైపోయింది. ఊరంతా ఒక్కసారి వేడి లాగుతుంటే, తక్కువ వేడితో బయలుదేరిన నీళ్లు ఈ కొసకు వచ్చేసరికి ఉత్త నీళ్లే. నేను చూసిన రెండు చలికాలాల్లోనూ ఇంత చలి ఒక్కసారి కూడా రాలేదు. రానిదాన్ని నేను లెక్కలో ఎలా వేస్తాను? వేయలేదు. ఊళ్లో అందరికీ సరిపోయింది, ఒక్క ఈ కొసకు తప్ప. కొసన ఉన్నదేమో పసిపిల్లలు.

ఇల్పోకు ఫోన్ చేశాను.

"నా లెక్క తప్పు. కొసకు వేడి చేరడం లేదు. పాత వేడికే మార్చాలి. వెంటనే."

అవతల అడుగుల చప్పుడు. తర్వాత బాయిలర్ చప్పుడు మారడం వినిపించింది.

"మార్చా," అన్నాడు. "వస్తున్నా."

థర్మాస్‌తో వచ్చాడు. పైపుల గదిలో బోర్లించిన రెండు డబ్బాల మీద ఇద్దరం కూర్చున్నాం. పైన బడిలో ఔలిక్కి పిల్లలతో గంతులు వేయిస్తోంది, కప్పు దడదడలాడుతోంది. కేంద్రం నుంచి వేడినీళ్లు బయలుదేరాయి, నిజమే. కానీ ఇంత దూరం నడిచి రావాలి కదా. పైపు మీద నా చేయి, నా చేయి పక్కన ఆయన చేయి. ఎదురుచూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

"నువ్వు చెప్పావు. అసలు చలి రాలేదని," అన్నాను చివరికి.

"చెప్పి ఊరుకున్నా. చూసి సంతకం పెట్టింది నేను," అన్నాడు ఇల్పో. పైపు మీద చేయి కాస్త జరిపి, "కొస సంగతి నాకూ తట్టలేదు. ఇంత చలి చూసి ఎన్నేళ్లయిందో. మర్చిపోయా," అన్నాడు.

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం అదే మొదలు. ఉద్యోగం సంగతి అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. కాఫీ పోసి ఇచ్చాడు. తాగుతూ కూర్చున్నాం.

అప్పుడు తట్టింది నాకు. ఈ పాటికి నేను హెల్సింకిలో ఉండి ఉంటే ఈ లెక్క పది ఊళ్లకు వెళ్లి ఉండేది. పది ఊళ్లకూ ఎక్కడో ఒక కొస ఉంటుంది, ఆ కొసన ఎవరో ఉంటారు. వాళ్ల ఔలిక్కి ఎవరికో ఫోన్ చేసేది. నేను పదకొండో ఊళ్లో చప్పట్లు కొట్టించుకుంటూ ఉండేదాన్ని. నాకు తెలిసేదే కాదు. తప్పు చేసినందుకు సిగ్గుగానే ఉంది, కాని నాకు తెలియకుండా పోయేదన్నమాట తలుచుకుంటే అంతకన్నా ఎక్కువ భయమేసింది.

పిల్లల భోజనాల వేళకు అరచేతికింద పైపు చురుక్కుమంది.

"వచ్చింది," అన్నాడు ఇల్పో.

నాకు ఏడుపు వచ్చేసింది. ఆపుకోలేదు. ఆయన చూడనట్టు థర్మాస్ మూత బిగించాడు. అప్పటికే బిగిసి ఉన్న మూతను ఇంకా ఇంకా బిగించాడు.

జనవరి 8, గురువారం

రాసిపెట్టిన జవాబు తుడిచేసి సంప్సాకు ఫోన్ చేశాను. లెక్క తప్పిందన్నాను, ఎక్కడ తప్పిందో చెప్పాను, రాలేనన్నాను.

"ఆగాగు. తప్పెక్కడుందో తెలిసింది కదా? అదీ చెప్పుకోదగ్గదే. 'కొస జాగ్రత్త' అని పది ఊళ్లకీ చెప్దాం. ఇంకా మంచిది!"

మనిషి చెడ్డవాడు కాదు. నాకు నవ్వొచ్చింది.

"నాకు తెలిసింది ఈ ఒక్క కొసే సంప్సా. ఇంకా ఎన్ని ఉన్నాయో చూడనీ. ఇంకొన్ని చలికాలాలు చూశాక చెప్తాను."

"అప్పటికి చలికాలాలు ఉంటాయంటావా?"

"ఊళ్లుంటాయి కదా."

"ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడనిపించింది. ఏమో, ఒకరోజు వెళ్తానేమో కూడా. ఇప్పుడు మాత్రం కాదు. చెప్పేందుకు నా దగ్గర ఇంకా ఏమీ లేదు.

ఫోన్ పెట్టేసి మూడు యాలకుల బన్నులు తిన్నాను. నవంబరు తర్వాత తిండి రుచి తెలియడం ఇదే మొదలు.

హమ్మయ్య.

రేపు ఇల్పోకు చెప్తాను. ఆయన అడిగినా అడగకపోయినా చెప్తాను.

జనవరి 9, శుక్రవారం

నిన్నటి హమ్మయ్య తెల్లారాక కూడా ఉంది. తడిమి చూసుకున్నాను, ఉంది. ఈ సంగతి ముందు రాసుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇంకా చెవులు కాలుతున్నాయి.

చెబుదామని ఇల్పో గదికి వెళ్తే లేడు. కాఫీ గదిలోకి వెళ్లాను. అందరూ ఉన్నారు. బల్ల మీద తెల్లటి గుడ్డ, పండగ కప్పులు, మధ్యలో మీగడ కేకు. కేకు మీద ఎర్ర అక్షరాలతో "వెళ్లిరా హెల్కా" అని ఉంది.

నేను నోరు తెరిచేలోగా ఇల్పో లేచి నిలబడ్డాడు. ఇల్పో! లేచి! మాట్లాడటానికి! ఆయన మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం పడటం అంటే, చర్చిలో ఈల వేయడం. ఎవరికీ చేతకాదు, నాకూ చేతకాలేదు.

"హెల్కా వచ్చిన కొత్తలో అన్నీ అడిగేది," అన్నాడు బల్లవంక చూస్తూ. "పొద్దున్నే అడిగేది. కాఫీ తాగనిచ్చేది కాదు. విసుగొచ్చేది. తర్వాత తర్వాత ఆ ప్రశ్నల కోసమే పెందరాళే వచ్చేవాణ్ని." కప్పు పక్కకు జరిపాడు. "వెళ్తున్నానని చెప్పడం నీకు కష్టంగా ఉందని తెలుసు. నెలరోజులుగా చూస్తున్నా. అందుకని మేమే తేల్చేశాం. వచ్చే వారం రైలీ సెలవు మీద కెనరీ దీవులకి పోతోంది, అందుకే ఈరోజు పెట్టాం. ఇదిగో."

తోలు ఒరలో చాకు. బర్చ్ పిడి, మెలికల చారలు. పట్టుకోగానే నా నాలుగు వేళ్లూ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఆరిందా, ఆరిందా అని ఆయన ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది. మా వైపు చాకు ఇవ్వడమంటే పెద్ద గౌరవం, అందరికీ ఇవ్వరు. చాకు అలుగు మీద నా పేరు చెక్కి ఉంది. దాని కింద నేను చేరిన సంవత్సరం, ఒక గీత, ఈ సంవత్సరం. సమాధిరాయి మీద చెక్కినట్టు.

అందరూ నావైపే చూస్తున్నారు. రైలీ అప్పుడే ఏడుస్తోంది.

"నేను వెళ్లడం లేదు," అన్నాను.

 కాఫీ యంత్రం ఒక్కటే గురగురమంది.

"కేకు కోసేశాం కదా," అంది రైలీ, ఒక ముక్క గరిటె మీద పట్టుకుని. కొంచెం ఆగి, "అయితే కుర్చీ?" అంది.

"కుర్చీ కూడా వెళ్లడం లేదు."

ఇల్పో నిలబడే ఉన్నాడు. "ఎప్పుడు అనుకున్నావు?"

"నిన్న."

"చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదేం?" అన్నాను. అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది మాట. అందరూ గబుక్కున కేకు వంక చూశారు. "నెల దాటింది ఇల్పో! ఒక్కసారి అడుగుతావేమోనని రోజూ చూశాను. పైగా వాళ్లతో 'తీసుకోండి' అన్నావట."

ఆయన బల్ల మీది గుడ్డ అంచు సరిచేశాడు.

"అడిగితే, ఉండిపొమ్మని బలవంతం చేసినట్టవుతుందేమో అనుకున్నా. నేను ఎక్కడికీ వెళ్లలేదు ఇన్నేళ్లూ. నీ దారికి అడ్డం పడకూడదనుకున్నా."

"అడగకపోతే, పొమ్మన్నట్టయింది."

"ఓ," అన్నాడు ఇల్పో. కూర్చున్నాడు. కాసేపయ్యాక మళ్లీ "ఓ," అన్నాడు. ఈసారి ముఖం మొత్తం విప్పారింది. ఆయనకు అంత పెద్ద పళ్లున్నాయని నాకు ఇవాళే తెలిసింది.

చాకు ఊరికే పుచ్చుకుంటే స్నేహం తెగుతుందంటారు, బదులు నాణెం ఇవ్వాలి. గది మొత్తంలో ఎవరి దగ్గరా నాణెం లేదు, అందరివీ కార్డులే. చివరికి రైలీ తన కోటు జేబులోంచి సూపర్ మార్కెట్ బండికి వేసే నాణెం తీసి నాకు అప్పిచ్చింది. అది ఇల్పో చేతిలో పెట్టాను. కేకంతా తిన్నాం. "వెళ్లిరా" ఉన్న వైపు నేనే తిన్నాను, చాలా బాగుంది.

వెళ్తుంటే ఇల్పో చేయి చాచాడు. "చాకు ఇలా ఇయ్యి. సోమవారం ఇస్తా."

జనవరి 12, సోమవారం

కొండ ఎక్కేచోట ఇంకో పంపు పెట్టాలి. ఇల్పో, నేను పొద్దుటి నుంచి దాని మీదే కూర్చున్నాం. అది పెడితే ఊరికి తక్కువ వేడి, కొసకు సరిపడా వేడి, రెండూ కుదురుతాయనుకుంటున్నాను. అనుకుంటున్నాను అనే రాస్తున్నాను. వచ్చే చలికి తెలుస్తుంది.

సాయంత్రం చాకు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేరు ఉంది. చేరిన సంవత్సరం ఉంది. గీత ఉంది. గీత తర్వాత అరగదీసి నున్నగా చేశాడు. వేలు పెడితే చిన్న పల్లం తగులుతోంది.

"గీత కూడా తీసేయాల్సింది," అన్నాను.

"అది ఉండనీ," అన్నాడు. కోటు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, తలుపు దాకా వెళ్లాడు. "ఎప్పుడో ఒకప్పుడు వెళ్తావుగా. అప్పుడు మాత్రం అడుగుతా."

బయట మైనస్ ఇరవై ఆరు. బడిలో ఇరవై ఒకటి. చేపతొట్టికి కండువా తీసేశారట.